టీబీ దినానికి బ్యానరు రోగి కోసమా, ఇంటి ఓనరు కోసమా?

అలిపిరి_అన్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. మార్చి 24 వస్తా ఉంది, ప్రపంచ టీబీ దినం. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు కారణమైన క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించినాడు, అందుకే ఆ తేదీ. మా వాలంటీర్లు ఈసారి కూడా ర్యాలీ, ఫ్లెక్సీలు అంటా ఉండారు. "రెండు వారాలకు మించి దగ్గుంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి" అని పోయినేడు కొట్టించిందే మళ్ళీ కట్టేద్దామంటారు. ఆ మాటలో తప్పేం లేదు. కానీ నాకు ఒక సంగతి మింగుడు పడటం లేదు.

స్టేషను పక్కన ఒక లాడ్జిలో రూమ్ బాయ్‌గా చేసే పిల్లోడు ఉండాడు. పలమనేరు పక్క పల్లె. మా ఫ్లెక్సీ చూసే పోయి పరీక్ష చేయించుకున్నాడు. టీబీ అని తేలింది, మాత్రలు మొదలుపెట్టినారు. మేం కోరుకునింది అదే కదా. లాడ్జిలో తెలిసిన మర్నాడే "బాగైనాక రా" అని లెక్క చూసి పంపేసినారు. వాడుండే రూము ఓనరు కూడా ఖాళీ చేయమన్నాడు. ఊరికి పోయినాడు. అక్కడ ఎవురికీ చెప్పుకోలేక, మాత్రలు కనపడితే ఏమనుకుంటారో అని నిలిపేసినాడు. కొన్ని నెలలకు దగ్గులో రక్తం పడింది. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి మందులు.

చెప్పినట్టు నడుచుకున్నోడికి దక్కింది ఇది. ఇదంతా చూసిన ఇంకో రూమ్ బాయ్ దగ్గొస్తే పరీక్షకు పోతాడా? గమ్మున మింగుకుంటాడు. అందుకే ఈసారి బోర్డులు రోగి కోసం కాకుండా ఇంటి ఓనరుకు, లాడ్జి మేనేజరుకు, అత్తామామలకు రాయాలని నా పట్టు. వాళ్ళకు ఏం చెప్పాల? తెలిసినోళ్ళు రాయండి.

పీలేరు_పిల్ల

నూటికి నూరుపాళ్ళు నిజం అన్నా. మా పిన్నికి టీబీ వచ్చినప్పుడు వాళ్ళింట్లో ఆమె కంచం, చెంబు, దుప్పటి అన్నీ వేరు చేసి పశువుల కొట్టం పక్క రూములో పెట్టినారు. మందులకంటే ఆ కంచమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. బాగై ఇన్నేళ్ళయినా పండక్కి ఆ ఇంటికి పోదు.

కొర్లగుంట_ఇంటాయన

నేను ఇంటి ఓనర్నే. నా మాట కూడా వినండి. కింద పోర్షన్లో ముగ్గురు కుర్రోళ్ళు అద్దెకుండారు, హోటల్లో పని. పైన మేము, మూడేళ్ళ మనవరాలు. రేపు వాళ్ళలో ఒకరికి టీబీ అని తెలిస్తే నేనూ ఖాళీ చేయమనే అంటానేమో. పగతో కాదు, భయంతో. పాపకు అంటుకోదని మీలో ఎవురైనా రాసిస్తారా?

పుత్తూరు_డాక్టరమ్మ

రాసివ్వలేను సార్. ఇది గాలి ద్వారా సోకే జబ్బు, అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. మీ భయానికి ఆధారం ఉంది. అయితే ఆ భయం చూపించాల్సిన చోటు వేరు.

ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళు దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా క్రిమి గాలిలోకి వస్తుంది. గాలి ఆడని గదిలో గంటల తరబడి ఆ గాలి పీల్చినవాళ్ళకు సోకుతుంది. కంచం, చెంబు, దుప్పటి, కరచాలనం వల్ల రాదు. కాబట్టి పీలేరు చెల్లెలి పిన్నికి జరిగినది వట్టి శిక్ష, దానివల్ల ఆ ఇంట్లో ఎవరికీ రక్షణ దొరకలేదు.

ఇప్పుడు మీ కింద పోర్షన్ సంగతి. ఆ కుర్రాడు ఇంటిల్లిపాదికీ ప్రమాదంగా ఉండేది జబ్బు ఉందని ఎవరికీ తెలియని రోజుల్లో, ఏదో దగ్గులే అని తిరిగే నెలల్లో. జబ్బు బయటపడి, సరైన మందులు మొదలయ్యాక అంటించే శక్తి త్వరగా పడిపోతుంది. మామూలు టీబీలో మొదటి రెండు వారాలు మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరుచుకుని, విడిగా పడుకోమంటాం. మందులకు లొంగని రకమైతే ఎన్నాళ్ళో డాక్టరు చెబుతారు. అంటే మీరు ఖాళీ చేయించేది ప్రమాదం తగ్గిపోతున్న మనిషిని. అతనితో ఆ గదిలోనే పడుకున్న మిగతా ఇద్దరూ పరీక్ష లేకుండా మీ ఇంట్లోనే ఉంటారు. వాళ్ళలో ఒకరికి దగ్గు మొదలైతే, మొదటివాడికి పట్టిన గతి చూశాక, మీకు చెబుతాడా?

పాప విషయం. టీబీ రోగితో ఒకే ఇంట్లో ఉండే ఐదేళ్ళలోపు పిల్లలకు ముందు జబ్బు లేదని నిర్ధారించుకుని, నివారణ మందు ఇస్తారు, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పెద్దవాళ్ళకూ ఇస్తున్నారు ఇప్పుడు. పుట్టగానే వేసే బీసీజీ టీకా పసిపిల్లల్లో మెదడుకు, ఒళ్ళంతా పాకే తీవ్రమైన టీబీ రాకుండా బాగా కాపాడుతుంది. పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీని మాత్రం అంతగా ఆపదు. కాబట్టి టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు.

ఇంకొకటి. క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో దాదాపు పావు వంతు మందిలో ఈ క్రిమి ఉంటుందని అంచనా. వాళ్ళలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. తిండి చాలనివాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు, పొగ, మందు అలవాటున్నవాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మన జిల్లాల్లో షుగరు ఎంత ఉందో మీకు నేను చెప్పాలా?

మదనపల్లె_మాస్టారు

డాక్టరమ్మ చెప్పినది మన పక్క ఊళ్ళల్లోనే ఎప్పుడో రుజువైంది. అది రాస్తాను, కాస్త పొడుగైనా ఓర్చుకోండి.

మా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం తెలుసు కదా. ఇప్పుడు జిల్లాలు మారాయి గానీ అప్పుడు చిత్తూరు జిల్లానే. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అక్కడ క్షయ శానిటోరియం, అంటే రోగుల్ని ఊరికి దూరంగా ఉంచి చూసే ఆస్పత్రి, నడిపారు, 1915లో మొదలైంది. ఎత్తైన నేల, పొడి గాలి, పొడవాటి వరండాలు. అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో, ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది 1952లో. అంతవరకూ విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లు, అంతే వైద్యం. దక్షిణ దేశమంతటి నుంచి రోగులు వచ్చేవారు. మన దేశంలో బీసీజీ టీకా మొట్టమొదట వేసింది కూడా మదనపల్లెలోనే, 1948లో. మా పిల్లలకు ఈ సంగతి పాఠంలో చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

అయితే శానిటోరియం కాలంలో జనం మనసులో ఒక మాట పాతుకుపోయింది: క్షయ వస్తే ఊరికి దూరంగా పంపాలి. ఆ మాట నిజమా కాదా అని తేల్చడానికి మద్రాసులో 1956లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. రోగుల్ని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో మందులు వాడింది. రెండో జట్టు తమ ఇరుకు ఇళ్ళల్లోనే, పేద తిండి తింటూ, పని చేసుకుంటూ అవే మందులు వాడింది. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా సోకిందా అంటే, శానిటోరియంకి వెళ్ళినవాళ్ళ కుటుంబాలకంటే ఎక్కువేమీ సోకలేదు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి ఆ ఫలితాలు పెద్ద కారణం.

కొర్లగుంట ఇంటాయన గారూ, మీలాంటి భయమే ఆ రోజుల్లో డాక్టర్లకూ ఉండేది. రోగిని ఇంట్లోంచి పంపినంత మాత్రాన ఇంట్లోవాళ్ళకు ఒరిగేదేమీ లేదని ఆ మద్రాసు గల్లీలే చూపించాయి.

నగరి_నేతన్న

మాస్టారూ, ఈ మద్రాసు సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు. దండం.

కానీ నా సందేహం వేరే. మందు దొరికి ఇన్నేళ్ళైంది. ఊరకనే ఇస్తా ఉండారు. ఇంకా జనం దీనితో చస్తా ఉండారా? నాకైతే ఇది పాత సినిమాల్లో హీరో నాయనకొచ్చే జబ్బు లెక్క అనిపిస్తాది.

ఎక్స్‌రే_తాత (చిత్తూరు)

నేను టీబీ విభాగంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైనాను. తమ్ముడూ, 2024 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 1 కోటి 7 లక్షల మందికి టీబీ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 12 లక్షల మందికి పైగా చనిపోయినారు. ఒకే క్రిమి వల్ల వచ్చే జబ్బుల్లో ఇంతమందిని చంపేది ఇంకొకటి లేదు. కరోనా రోజుల్లో అది ముందుకొచ్చింది గానీ మళ్ళీ టీబీయే మొదటి స్థానానికి వచ్చేసింది. ప్రపంచం మొత్తం మీద నలుగురు రోగుల్లో ఒకరు మన దేశం వాళ్ళే. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, చైనా, పాకిస్తాన్, నైజీరియా, కాంగో, బంగ్లాదేశ్, మనం, ఈ ఎనిమిది దేశాల్లోనే మూడింట రెండొంతుల జబ్బు ఉంది. 1993లోనే దీన్ని ప్రపంచ అత్యవసర పరిస్థితి అని ప్రకటించినారు, అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త.

మనం ఏమీ చేయలేదని కాదు. 2015లో లక్ష మందికి 237 కొత్త కేసులుండేవి, 2024కి 187కు దిగింది. ప్రపంచ సగటుకంటే వేగంగానే తగ్గింది. కానీ 2025కల్లా టీబీ లేకుండా చేస్తామని పెట్టుకున్న గడువు దాటిపోయింది. పైగా 2025లో అమెరికా తన విదేశీ సాయం కోసేయడంతో ఆఫ్రికా దేశాల్లో పరీక్షలు, మందుల సరఫరా దెబ్బతిన్నాయి. అక్కడ మందుకు లొంగని రకం పుడితే అది అక్కడే ఆగదు. తిరుమలకు రోజూ ఎన్ని వేల మంది, ఎన్ని రాష్ట్రాల నుంచి వస్తారో మనకు తెలుసు. ఎక్కడి గాలైనా మన గాలే.

మందు ఉండీ ఎందుకు చస్తా ఉండారంటే, అలిపిరి అన్న చెప్పిన పిల్లోడి కథే జవాబు. ఆలస్యంగా వస్తారు, మధ్యలో ఆపేస్తారు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. బరువును బట్టి రోజుకెన్నో లెక్క, 50 నుంచి 64 కిలోల దాకా నాలుగు. రెండో నెలకే దగ్గు పోతాది, ఆకలి అవుతాది, ఒళ్ళు వస్తాది. "బాగైపోయింది" అనుకునే ఆ రోజే అన్నిటికంటే గండం. బలహీనమైన క్రిములు చచ్చి మొండివి మిగులుంటాయి. అప్పుడాపితే ఆ మొండివే పెరుగుతాయి. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగకపోతే దాన్ని ఎండీఆర్ అంటారు. ఇదివరకు దానికి ఏడాదిన్నర, రెండేళ్ళు మందులు, వేసే సూదులతో కొందరికి చెవుడు వచ్చేది. ఇప్పుడు బెడాక్విలిన్ అనే మందు ఉన్న కొత్త కోర్సుతో అదీ ఆరు నెలలకు వచ్చింది, చాలామందికి. అది మంచి కబురు. కానీ అక్కడిదాకా ఎందుకు తెచ్చుకోవాల?

మెడికల్_షాపు_చంద్రగిరి

మా కౌంటరు నుంచి ఒక మాట. ఒకే మనిషి దగ్గు సిరప్పుకు మూడోసారి వస్తే నేను సిరప్పు ఇవ్వను, కళ్ళె పరీక్షకు పొమ్మంటాను. కొందరు కోపం చేసుకుని పక్క షాపుకు పోతారు. పోనీ. అన్నిటికంటే చెడ్డది డాక్టరు చీటీ లేకుండా లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు అడిగి మింగడం. టీబీని అవి కొన్నాళ్ళు అణిచిపెడతాయి, దగ్గు తగ్గినట్టుంటుంది, జబ్బు బయటపడటం నెలలు ఆలస్యమవుతుంది. ఆ నెలల్లో ఇంట్లో ఎంతమంది ఆ గాలి పీలుస్తారో డాక్టరమ్మ పైన చెప్పారు.

పేరు_వద్దు

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. చదువుతా ఉంటాను. డిగ్రీ ఆఖరు సంవత్సరం. మెడ దగ్గర గడ్డ వచ్చింది, నొప్పి లేదు. సూదితో తీసి పరీక్ష చేస్తే టీబీ అన్నారు. మందులు వాడుతున్నాను. అమ్మ ఎవరికీ చెప్పొద్దు, సంబంధాలు రావు అంటుంది. మాత్రల అట్టలు బియ్యం డబ్బాలో దాస్తుంది. మూత్రం ఎర్రగా వస్తే చచ్చిపోతానేమో అని రాత్రంతా ఏడ్చాను, అడగడానికి ఎవరూ లేరు. నాకు పెళ్ళి చేసుకోవచ్చా? నా వల్ల ఎవరికైనా వస్తుందా?

పుత్తూరు_డాక్టరమ్మ

తల్లీ, ముందుగా: ఆ ఎరుపు రిఫాంపిసిన్ రంగు. మందు ఒంట్లోకి వెళ్ళిందని గుర్తు, అంతే. మొదటి రోజే నీకు ఇది చెప్పి ఉండాల్సింది.

గడ్డల టీబీ, ఊపిరితిత్తుల్లో జబ్బు లేనంతవరకు, ఎవరికీ అంటదు. గోళ్ళు, వెంట్రుకలు తప్ప ఒంట్లో ఎక్కడైనా టీబీ రావచ్చు. వెన్నెముకకు, పొట్టకు, గర్భసంచికి కూడా వస్తుంది. కోర్సు పూర్తయ్యేలోపు గడ్డ ఒకసారి పెద్దదైనట్టు అనిపించినా కంగారుపడి ఆపేయకు, డాక్టరుకు చూపించు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా అదే రోజు వెళ్ళాలి. కాళ్ళు చేతులు తిమ్మిర్లు వస్తే చెప్పు, బీ6 మాత్ర ఇస్తారు.

పెళ్ళి నిక్షేపంగా చేసుకోవచ్చు. పిల్లల్ని కనవచ్చు. కోర్సు నడిచేటప్పుడు మాత్రం గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, రిఫాంపిసిన్ వాటి బలం తగ్గిస్తుంది. అది డాక్టరుతో మాట్లాడు. మీ అమ్మగారితో మాట్లాడాలంటే నాకు మెసేజ్ పెట్టు, నేను ఫోన్లో మాట్లాడతాను.

పీలేరు_పిల్ల

చెల్లీ, మా పిన్నిని అడిగి చెప్తా ఉండా. "మాత్రలు డబ్బాలో దాచినా ఫరవాలేదు, మానొద్దు" అన్నింది. ఆమెకు ఇద్దరు పిలకాయలు, ఇద్దరూ కోర్సు అయినాక పుట్టినోళ్ళే.

రాళ్ళ_క్వారీ_కుప్పం

అందరూ తిరుపతి లాడ్జిలు, ఇళ్ళు అంటా ఉండారు, మా దిక్కు కూడా చూడండి. గ్రానైట్ కోసే చోట, పాలిష్ చేసే షెడ్లలో తెల్లదుమ్ము. సాయంత్రానికి రెప్పలు, ముక్కు, మీసం అన్నీ బూడిద పూసినట్టు ఉంటాయి. దగ్గని మనిషి లేడు. అందుకే ఎవుడికి దగ్గొచ్చినా "దుమ్ము దగ్గురా, బెల్లం తిను" అంటారు. మేస్త్రీ కూడా అదే అంటాడు. రెండు వారాల దగ్గు అనే మీ లెక్క మా కాడ పని చేయదు, మాకు ఏడాది పొడుగునా దగ్గే.

ఎక్స్‌రే_తాత (చిత్తూరు)

ఇది చాలా ముఖ్యమైన మాట. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తాది, అది ఉన్నోళ్ళకు టీబీ ముప్పు చాలా ఎక్కువ. రెండూ కలిసి కూడా ఉంటాయి. మీరు దగ్గును బట్టి కాదు, ఎక్స్‌రేను బట్టి పోవాల. 2019-21లో దేశమంతా ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తే, తేలిన టీబీ రోగుల్లో నూటికి 42 మందికి పైగా ఏ లక్షణమూ లేదు, ఎక్స్‌రేలోనే దొరికినారు. లక్షణాలుండే వాళ్ళలో కూడా నూటికి 64 మంది ఎక్కడా చూపించుకోలేదు. ఇప్పుడు చేత్తో పట్టుకుని పోయే ఎక్స్‌రే మిషన్లు వచ్చినాయి, క్యాంపు పెట్టి పని చోటే తీయొచ్చు.

కళ్ళె ఇచ్చేటప్పుడు ఒక సంగతి. చాలామంది ఉమ్మి పోసి ఇస్తారు, అందులో ఏమీ దొరకదు. పొద్దున లేచి నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి చిక్కగా వచ్చింది డబ్బాలో పోయాల. బాత్రూములో కాదు, ఆరుబయట, మనుషులకు దూరంగా. కళ్ళె పరీక్షించే సీబీనాట్, ట్రూనాట్ మిషన్లలో రెండు మూడు గంటల్లోనే టీబీ ఉందా, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా రెండూ తెలిసిపోతాయి.

నగరి_నేతన్న

పని పోతే తిండేది తాతా? మందు ఊరకనే ఇచ్చినా కడుపు నిండాల కదా.

ఎక్స్‌రే_తాత (చిత్తూరు)

నిక్షయ్ పోషణ్ యోజన కింద కోర్సు అయ్యేదాకా నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. 2018లో 500తో మొదలై 2024 నవంబరు నుంచి పెరిగింది. ప్రైవేటులో చూపించుకునే వాళ్ళకు కూడా వస్తాది, డాక్టరు నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో పేరు నమోదు చేస్తే. ఆ నమోదు 2012 నుంచి డాక్టర్లకు తప్పనిసరి. నిక్షయ్ మిత్ర అని పేరు రాయించుకుంటే మీలాంటోళ్ళు ఎవురైనా ఒక రోగికి నెల నెలా పప్పు, నూనె, గుడ్లు ఇవ్వొచ్చు.

ఆ తిండిని చిన్నచూపు చూడొద్దు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళకు నెల నెలా బియ్యం, పప్పు ఇచ్చి చూసినారు. అట్ల ఇచ్చిన ఇళ్ళల్లో మిగతా వాళ్ళకు టీబీ రావడం నూటికి దాదాపు 40 పాళ్ళు తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చినాయి. ఇంకా టీకా కోసం చూస్తా ఉండాం, ఇంత పప్పు అంత పని చేస్తా ఉంది. పని పోగొట్టడమంటే ఆ పప్పు లాక్కోవడమే, లాడ్జి వాళ్ళకు ఇది చెప్పాల.

లాడ్జి_మేనేజర్ (తిరుపతి)

ఇక్కడ మా వాళ్ళ మీద వేళ్ళన్నీ చూపిస్తున్నారు కాబట్టి రాస్తున్నా. మాకు భయం కస్టమర్లతో. తెలిస్తే రూములు దిగరు. కానీ డాక్టరమ్మ చెప్పిన లెక్కలో రెండు మూడు వారాలు సెలవిచ్చి, డాక్టరు చీటీ తెచ్చుకున్నాక పనిలోకి తీసుకోవడం మాకు కష్టం కాదు. జాండిస్ వస్తే అట్లనే చేస్తాం కదా. ఆ మాట బోర్డు మీద సూటిగా ఉంటే మా ఓనరుకు చూపించుకోగలను. ఇంకొకటి, స్టాఫ్ పడుకునే రూములకు కిటికీల్లేవు మా దాంట్లో. అది నేను అడుగుతాను.

అలిపిరి_అన్న (తిరుపతి)

మేనేజరు గారూ, మీరు రాసినందుకు చేతులెత్తి దండం. అందరి మాటలు కలిపి బోర్డు ఇట్ల రాసినాను, చూడండి:

"మీ ఇంట్లో అద్దెకున్న వారికి, మీ దగ్గర పనిచేసే వారికి టీబీ అని తేలిందా? వారిని పంపేయకండి. మందులు వాడుతున్న వారి నుంచి ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు సెలవివ్వండి, ఉద్యోగం ఉంచండి. కలిసి ఉన్న వారందరూ ఉచితంగా పరీక్ష చేయించుకోండి. కిటికీలు తెరవండి. కంచాలు వేరు చేయనక్కర్లేదు. ఆరు నెలలు మందు ఆగకుండా చూడండి. సందేహాలకు 1800 11 6666."

పుత్తూరు_డాక్టరమ్మ

బాగుంది. "ఐదేళ్ళలోపు పిల్లలుంటే నివారణ మందు అడగండి" అని చేర్చండి.

కొర్లగుంట_ఇంటాయన

చేర్చండి, నేను అడిగింది అదే కదా. మా కింది కుర్రోళ్ళతో నిన్న మాట్లాడినాను. ఎవురికీ దగ్గు లేదు గానీ, ఒకడు ఈ మధ్య చిక్కిపోయినాడు, అడిగితే పని ఎక్కువ అన్నాడు. పరీక్ష చేయించుకో, ఏం తేలినా రూము నీదే అని చెప్పినాను. మా వీధికి ఒక బోర్డు నా ఖర్చుతో కొట్టించండి.

నగరి_నేతన్న

నగరి, పుత్తూరు, సత్యవేడు దిక్కు తమిళంలో కూడా కావాల అన్నా. తమిళం రాసే పని నాది.

రాళ్ళ_క్వారీ_కుప్పం

మాకు బోర్డు వద్దు, ఎక్స్‌రే కావాల. ఆ మిషను మా షెడ్ల కాడికి రావాలంటే ఎవురిని అడగాల?

ఎక్స్‌రే_తాత (చిత్తూరు)

మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఒక అర్జీ రాయండి. ఏ షెడ్లు, ఎంతమంది పని చేస్తారు, ఏ రోజు సెలవు, అన్నీ రాసి, ఒక కాపీ జిల్లా టీబీ ఆఫీసుకు పంపండి. మేస్త్రీ సంతకం ఉంటే ఇంకా మంచిది, పని ఆపి క్యూలో నిలబెట్టాల కదా. అర్జీ రాసి నాకు ఇక్కడే పెట్టు, దిద్ది ఇస్తాను.

రాళ్ళ_క్వారీ_కుప్పం

ఈ రాత్రికే రాస్తాను తాతా. మేస్త్రీతో పొద్దున మాట్లాడతాను.